ఆగు అన్నానా, ఆపు అన్నానా

23 సెప్టెంబరు 2024, సోమవారం

ఇరవై రోజుల తర్వాత ల్యాబుకు వెళ్లాను.

గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాను. హేమశ్రీ మెట్ల దగ్గరికే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. నా కింద రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి, పీలేరు పిల్ల. "అక్కా, మీ చిప్‌లన్నీ బాగుండాయి. దినం మార్చి దినం నేనే మీడియం మార్చినాను" అంది. థాంక్స్ అన్నాను.

ఇంక్యుబేటర్ తెరిచాను. ముప్పై ఏడు డిగ్రీలు. రెండో అరలో పీ-7. ఆరు చిప్‌లు. మూసేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం. తిన్నట్టే గుర్తు.

24 సెప్టెంబరు

ఏడుపు రావడం లేదు. ప్రశాంతి మేడం గదిలోకి పిలిచి, "ఎవరితోనూ మాట్లాడాలని లేకపోతే కనీసం రాసుకో నవీనా" అన్నారు. ఆమె మా ల్యాబు పెద్ద. చెప్పింది చేయడం నాకు అలవాటు. అందుకని రాస్తున్నాను.

మా తమ్ముడు ఢిల్లీబాబు సెప్టెంబరు మూడో తేదీ మంగళవారం సూళ్లూరుపేటలో తన గదిలో చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు. ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పొద్దున ఎనిమిదికి పడుకున్నాడు. అదే గదిలో ఉండే స్నేహితుడు మోహన మధ్యాహ్నం మూడింటికి వచ్చేసరికి వాడు బోర్లా పడి ఉన్నాడు, ముఖం దిండులో. నాలుక కరుచుకుని ఉంది. నిద్రలో ఫిట్స్ వచ్చి ఉంటుందని డాక్టరు రాశాడు. పన్నెండో ఏటి నుంచి వాడికి ఫిట్స్.

రాసింది చదువుకున్నాను. ఎవరి గురించో రాసినట్టు ఉంది.

27 సెప్టెంబరు, శుక్రవారం

పీ-7 అంటే వాడే.

మా రికార్డుల్లో పేర్లు ఉండవు, నంబర్లే. కానీ వాణ్ని రక్తం ఇవ్వడానికి తీసుకొచ్చింది నేనే. ఫిట్స్ ఉన్నవాళ్ల రక్తకణాలను వెనక్కి మళ్లించి మూలకణాలుగా మార్చి, వాటి నుంచి మెదడు కణాలను పెంచి, ఏ మందుకు అవి ఎలా ఉంటాయో చూడటం మా పని. వేలెడు వెడల్పు చిప్ మీద అరవై నాలుగు ఎలక్ట్రోడ్లు. మీడియం అనే పోషక ద్రవంలో కణాలు వాటి మీద పాకి, ఒకదానికొకటి పోగులు చాచుకుని, ఆరేడు వారాలకు వాటంతట అవే కరెంటు కొట్టడం మొదలుపెడతాయి. స్క్రీన్ మీద నిలువు గీతలు పడతాయి. ఫిట్స్ లేనివాళ్ల కణాలు చెదురుమదురుగా కొడతాయి. పీ-7 గుంపుగా కొడుతుంది.

ఇదంతా నాకు తెలిసిందే. ఎందుకు రాస్తున్నానో తెలియదు. చేతికి పని.

రక్తం ఇచ్చిన రోజు వాడు కుర్చీలో కూర్చుని, "ఏందక్కా, నా బుర్రకు స్పేరు తయారు చేస్తా ఉండావా?" అన్నాడు. "ఆ గిన్నెలో ఉండేదానికి మ్యాథ్స్ నేర్పియ్. అదైనా బ్యాక్‌లాగులు పాసయితాది." నర్సు నవ్వితే సూది కదిలింది. "సూడు సిస్టర్, మా అక్క తమ్ముడంటే ప్రాణమంటాది, తీసుకునేది రక్తం."

30 సెప్టెంబరు

ఆగస్టు 31, శనివారం. సాయంత్రం నాలుగుంబావుకు వాడు ఫోన్ చేశాడు. ఒక నిమిషం పన్నెండు సెకన్లు. ఫోన్‌లో ఉంది.

నేను ల్యాబులో ఉన్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య. వాడి వైపు క్యాంటీన్ రొద, ప్లేట్ల చప్పుడు.

"అక్కా, ఈ కొత్త మాత్ర ఏసుకున్నప్పటి నుంచి ఊరికే కోపం వస్తా ఉండాది. నిన్న సూపర్‌వైజర్ మింద చెయ్యెత్తినాను. మానేసేదా?"

"రెండు దినాలు ఆగు. ఈడ చిప్ మింద అదే మందు ఏస్తా ఉండాం. చూసి చెప్తా."

ఇంతే. సాధారణంగా మాట్లాడుకున్నాం.

ఆగు అన్నాను.

3 అక్టోబరు

నెల అయింది. అమ్మ ఫోన్ చేసి, గుడిలో దీపం పెట్టించానంది. సరే అన్నాను.

5 అక్టోబరు, శనివారం

ఆగు అనే అన్నాను. ఆగు అంటే తొందరపడకు, డాక్టరును అడిగేదాకా వేసుకుంటూనే ఉండు అని. ఫిట్స్ మాత్రలు హఠాత్తుగా ఆపకూడదని వాడికీ తెలుసు, మా ఇంట్లో అందరికీ తెలుసు. పద్నాలుగేళ్లుగా వింటున్న మాట.

ఫోన్‌లో వాడి పేరు కింద ఇంకో వరుస కూడా ఉంది. అది వేరే సంగతి.

9 అక్టోబరు

ఆ కొత్త మాత్రలో ఉన్న మందునే పీ-7 మీద పరీక్షించాలి. ఆగస్టులో చేయాల్సింది, వాయిదా పడింది. ఈ రోజు మొదలుపెట్టాను. మోతాదు మెట్టు మెట్టుగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర పావుగంట రికార్డింగ్.

మూడో మెట్టుకు గుంపులు విడిపోయాయి. గీతలు పలచబడ్డాయి. ఆరు చిప్‌లలో ఐదింట్లో అలాగే వచ్చింది.

మందు వాడికి పనిచేస్తుంది. పుస్తకంలో రాసి తేదీ వేశాను.

హేమశ్రీ వెనక నిలబడి, "బాగుంది కదక్కా?" అంది. ఆ పిల్లకు పీ-7 ఎవరో తెలియదు.

10 అక్టోబరు

కోపం గురించి చిప్ ఏం చెబుతుంది? అరవై నాలుగు ఎలక్ట్రోడ్లలో కోపానికి ఒక్కటి కూడా లేదు. "చూసి చెప్తా" అన్నానే, ఏం చూసి చెబుదామని? ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసు. డాక్టరుకు ఫోన్ చేయమంటే వాడు చేసేవాడు. రెండు నిమిషాల పని.

ఊరికే అన్నాను. చేతిలో పని ఉంది, ఫోన్ పెట్టేయాలి.

14 అక్టోబరు, సోమవారం

ఈ రోజు చేసింది ల్యాబు పుస్తకంలో రాయలేదు. ఇక్కడ రాస్తాను.

పీ-7 ఆరు చిప్‌లనూ నాలుగు రోజులుగా మందులోనే ఉంచాను. ఈ రోజు మూడింటికి మందు కొంచెం కొంచెంగా తగ్గించాను. మిగతా మూడింటికి ఒక్కసారిగా తీసేశాను. మీడియం మొత్తం లాగేసి మందు లేనిది పోశాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. మా పద్ధతిలో అది లేదు.

మెల్లగా తగ్గించినవి పాత స్థితికి వచ్చాయి. ఒక్కసారిగా తీసినవి రెండు గంటలు ఊరకున్నాయి. తర్వాత మొదలైంది. మునుపటికి రెండింతలు, కాదు, ఎక్కువే. ఒక చిప్‌లో అరవై నాలుగూ ఒకేసారి కొట్టాయి. స్క్రీన్ మీద గీతల మధ్య సందు లేదు. నల్లగా గోడలా.

మూడు చిప్‌లతో ఏదీ రుజువు కాదు. అది నేనే ల్యాబులో పిల్లలకు చెబుతాను.

స్పీకర్ పెడితే ఆ కరెంటు చప్పుడుగా వినొచ్చు. పెట్టలేదు. కూర్చుని చూశాను. నాకేమీ అనిపించలేదు. ఇంటికి వస్తూ తిరుచానూరు రోడ్డులో పాలపాకెట్ కొన్నాను.

17 అక్టోబరు

ఆగు. ఆపు. అద్దం ముందు రెండూ అని చూశాను. మొదటిదానికి పెదవులు కలవవు. రెండోదానికి కలుస్తాయి. ఆ రోజు నా పెదవులు కలిశాయో లేదో ఎలా గుర్తుంటుంది?

20 అక్టోబరు, ఆదివారం

సూళ్లూరుపేట వెళ్లాను, వాడి సామాన్లు తేవడానికి. మోహన నెలన్నరగా ఎవరైనా వస్తారని ఎదురుచూస్తున్నాడట. ఫోన్‌లో అడగడానికి మొహమాటపడ్డాడు. కొత్త మనిషి గదిలోకి వస్తున్నాడు.

ఒక సూట్‌కేసు, రెండు జతల బూట్లు, క్రికెట్ బ్యాట్. ఫ్యాక్టరీ ఐడీ కార్డు వాళ్లు తీసుకున్నారు. మోహన వాడి బట్టలన్నీ ఉతికి మడతపెట్టి ఉంచాడు. ఉతకకుండా ఉంటే బాగుండునని అతనికి చెప్పలేదు.

అలమర పైఅరలో మాత్రల డబ్బా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాడికి ఒక అలవాటు ఉండేది, మందుల చీటీ వెనక తేదీ రాసుకుని టిక్కు పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నేనే నేర్పాను. టిక్కులు 31 పొద్దునతో ఆగిపోయాయి.

మోహన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తమిళం యాస, తడ వైపు అబ్బాయి.

"అక్కా, నేను అడిగినాను వాణ్ని. ఏమప్పా మాత్ర ఏసుకోలేదే అని."

"ఏమన్నాడు?"

తలుపు మీది రంగు పెచ్చు గోటితో గీకాడు.

"మోహనా, ఏమన్నాడు?"

"మా అక్క రెండు దినాలు ఆపమనింది, సోమవారం ఫోన్ చేసి చెప్తాననింది అన్నాడు. మా అక్క సైంటిస్టు, నా బుర్ర ఆమె దగ్గరే ఉండాది, నాకంటే ఆమెకే బాగా తెల్సు అన్నాడు. నేనింకేం అడగలేదక్కా. అడిగుండాల్సింది."

"నువ్వేం చేయగలవు మోహనా" అన్నాను.

కాఫీ ఇప్పించాడు. తాగాను. నాయుడుపేట మీదుగా బస్సు. బ్యాట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ, "బాబు క్రికెట్ ఆడతాడా?" అని అడిగింది. ఆడతాడన్నాను.

21 అక్టోబరు

సెలవు పెట్టాను. పడుకున్నాను.

31 అక్టోబరు

దీపావళి. మాకు లేదు.

2 నవంబరు, శనివారం

సోమవారం.

సెప్టెంబరు రెండు, సోమవారం, ఉదయం పదకొండు నలభై. ఢిల్లీబాబు. మిస్డ్ కాల్. వాడి పేరు కింద ఉన్న ఇంకో వరుస అదే.

ఫోన్ బల్ల మీద మోగింది. నేను గాజు తలుపు వెనక ఉన్నాను, చేతులకు గ్లవ్స్, చేతిలో పైపెట్. స్క్రీన్ మీద వాడి పేరు కనిపించింది. చూశాను. తర్వాత చేద్దామనుకున్నాను. పరీక్ష వాయిదా పడింది, చెప్పడానికి ఏమీ లేదు కదా అనుకున్నాను. మధ్యాహ్నం గుర్తొచ్చింది. సాయంత్రం గుర్తొచ్చింది. రేపు చేద్దాంలే అనుకున్నాను.

ఆగు అన్నా, ఆపు అన్నా, సోమవారం ఫోన్ ఎత్తి ఉంటే రెండూ ఒకటే అయ్యేవి. రెండు నెలలుగా నేను ఒక అక్షరం పట్టుకుని కూర్చున్నాను. ఇది రాయకుండా ఉండటానికే.

రేపు చిత్తూరు వెళ్తాను.

3 నవంబరు, ఆదివారం

పూతలపట్టు దాటేదాకా, బస్సు దిగి వెనక్కి వెళ్లిపోవచ్చు అనుకుంటూనే ఉన్నాను.

ముందు నాయన అంగడికే వెళ్లాను. ఆదివారమైనా తెరిచే ఉంది. రైతులు మోటార్లు కాలిపోయాక ఆదివారమా అని చూడరు. నాయన కింద కూర్చుని, చక్రం తిప్పుతూ మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. నలభై ఏళ్లుగా అదే పని. గంగాధరం చుట్టిన మోటారు కాలదని మా వైపు పేరు.

"ఏం పాపా, చెప్పకుండా వచ్చినావే" అన్నాడు. చక్రం ఆగలేదు. చుట్లు లెక్కపెట్టుకుంటూ మాట్లాడటం ఆయనకు అలవాటు.

స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయనే అడిగాడు. "వాడి కణాలు ఉండాయంటివే, ఆ గిన్నెలో. వాటి కరెంటు ఎంతుంటాది?"

"వోల్టులో లక్షో వంతు నాయనా."

"అంత రవంతకే మనిషి పడిపోతాడా?"

"కోట్లు ఉంటాయి కదా. అన్నీ ఒక్కసారి కొడితే పడతాడు."

తల ఊపాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"నాయనా, బాబు మాత్రలు ఆపేసింది నా మాట మిందనే."

"తెల్సు."

నేను విన్నది సరిగ్గానే విన్నానో లేదో అని ఆయన ముఖం చూశాను.

"మోహన చెప్పినాడు. ఆ దినమే, ఆంబులెన్సులో. ఏడస్తా చెప్పినాడు."

"రెండు నెలలు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం చేసేది? ఒకడు పోయినాడు. ఉండేదాన్ని కూడా యాడ పోగొట్టుకునేది?"

"నేను ఆగమంటి నాయనా. వాడికి ఆపమన్నట్టు వినిపించుంటాది. లేకుంటే నేనే ఆపమంటినో, నాకు తెలీడం లేదు."

"పోనీలే. ఫోన్లలో ఏ మాట సరిగ్గా వినిపిస్తాది."

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆయన నాకు దారి ఇచ్చాడు. 

"ఇంకొకటుంది" అన్నాను. సోమవారం గురించి చెప్పాను. గాజు తలుపు, గ్లవ్స్, రేపు చేద్దాంలే అనుకోవడం, అన్నీ.

చక్రం ఆగింది.

తర్వాత, "అది నాకు తెలీదు" అన్నాడు. లెక్క తప్పినట్టుంది. చుట్టిన తీగ మొత్తం విప్పి, మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు. ఇరవై, ముప్పై చుట్లయ్యాక అడిగాడు.

"మీ అమ్మకు చెప్పల్లనా?"

"చెప్పల్ల."

"నేను రానా?"

"వద్దు నాయనా."

కట్టమంచిలో ఇంటికి నడిచే వెళ్లాను. అమ్మ వరండాలో అలసందకాయలు వలుస్తోంది. నన్ను చూసి, "ఎండలో నడిచొచ్చినావా, ఆటో దొరకలేదా?" అంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు వలిచాను. తర్వాత చెప్పాను. మొదట సోమవారం గురించి, తర్వాత శనివారం గురించి.

అమ్మ ఒకే ఒక్కటి అడిగింది.

"బిడ్డ ఫోన్ చేస్తే, నువ్వు సూసినావా?"

"సూసినాను."

చేట పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్లి గది తలుపు వేసుకుంది. మా అమ్మ నిర్మలమ్మ నోరు తెరిస్తే వీధి వీధంతా వింటుందంటారు. ఒక్క మాట రాలేదు. గొళ్లెం పెట్టలేదు. నేనూ తోయలేదు. మిగిలిన కాయలు వలిచి, గింజలు గిన్నెలో పోసి, తొక్కలు ఆవుకు వేసి, నాలుగు గంటల బస్సుకు వచ్చేశాను.

5 నవంబరు

ప్రశాంతి మేడంకు అన్నీ చెప్పాను. పీ-7 మా తమ్ముడన్నది ఆమెకు తెలుసు. పద్నాలుగో తేదీన నేను చేసింది తెలియదు.

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "పుస్తకంలో రాయనిది ఎంత మంచి ఫలితమైనా లేనట్టే, ఇది నీకు నేను చెప్పాలా?" అన్నారు. తర్వాత, "ఈ కణాలను నీకు ఇచ్చి ఉండకూడదు. అది నా తప్పు" అన్నారు. పీ-7 హేమశ్రీకి అప్పగించాను. రిజిస్టరులో నా పేరు కొట్టేసి ఆ పిల్ల పేరు రాసింది నేనే. పీ-7 ఎవరో అప్పుడు చెప్పాను. హేమశ్రీ ఏడ్చింది. నేను భుజం తట్టాను.

12 నవంబరు

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నాయన ఎత్తి, "పనిలో ఉండాది పాపా" అంటాడు.

రోజూ చేస్తున్నాను.

22 నవంబరు, శుక్రవారం

హఠాత్తుగా మందు తీసేసే పరీక్షను పద్ధతి ప్రకారం మళ్లీ చేశారు. మరో ఇద్దరు రోగుల కణాలతో, హేమశ్రీ చేతులతో. ఒకరి కణాల్లో అలాగే వచ్చింది. ఇంకొకరి కణాల్లో రాలేదు. ఇకనుంచి ప్రతి మందుకూ అది కూడా చూడాలని మేడం నిర్ణయించారు. పెద్ద విషయమేమీ కాదు. డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నదే.

వాడు బతికుండగా సంతకం పెట్టాడు కాబట్టి కణాలు వాడుకోవచ్చు. కానీ చనిపోయాక కుటుంబాన్ని అడగాలని ఎథిక్స్ కమిటీ వాళ్లన్నారు. ఉంచాలా, తీసేయాలా? ల్యాబు నుంచి చిత్తూరుకు కాగితం పంపారు. నా సంతకం చెల్లదట, నేను ఇక్కడ ఉద్యోగిని. అమ్మానాయనలే పెట్టాలి.

తీసేయడమంటే బ్లీచ్ పోయడం. పది నిమిషాలు.

27 నవంబరు

కాగితం అందిందని నాయన చెప్పాడు. "మీ అమ్మ దగ్గర పెట్టినాను. ఆమె ఎట్లంటే అట్ల."

1 డిసెంబరు, ఆదివారం

ఉదయం పదకొండున్నరకు అమ్మ ఫోన్. గదిలో బట్టలు ఆరేస్తున్నాను. రెండో రింగుకే ఎత్తాను.

"ఆ కాగితం గురించి" అంది. నెల తర్వాత విన్న గొంతు. జలుబు చేసినట్టుంది.

"చెప్పమ్మా."

"వాటికి నొప్పి తెలుస్తాదా?"

"తెలీదమ్మా."

"తెలీదంటే? వాటికి తెలీదా, నీకు తెలీదా?"

చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని బకెట్‌లో వేసి, సిగ్నల్ బాగా ఉండే మెట్ల మీదికి వెళ్లాను.

"వాటికి నొప్పి ఉండదమ్మా. నొప్పి అనుకునేదానికి కావాల్సినంత మెదడు ఆడ లేదు. గోరంత పొర, అంతే. అది నాకు తెల్సు. వినిపించిందా?"

"వినిపించింది."

అటు వైపు కుక్కర్ విజిల్ వేసింది. అమ్మ వెళ్లి స్టవ్ తగ్గించి వచ్చింది.

"వాడు కాదు కదా అవి?"

"కాదు."

"ఎవురు చూసుకుంటా ఉండారు?"

"హేమశ్రీ అని, పీలేరు పిల్ల. నన్ను ఆ పని నుంచి తీసేసినారు."

"ఆదివారాలు?"

"ఆదివారమైనా వచ్చి చూడల్ల. ఈ దినం కూడా మీడియం మార్చల్ల."

"ఆ పిల్ల మర్సిపోతే?"

మర్చిపోదు అని చెప్పడానికి నేనెవరిని? మెట్ల మీద కూర్చున్నాను. మూడు నెలల్లో మొదటిసారి ఒంట్లో ఎక్కడో ఏదో కదిలింది, ఎక్కడో చెప్పలేను. అమ్మ వింటోంది. పెట్టేయలేదు.

"నువ్వు అడగతా ఉండు ఆ పిల్లను" అంది. "ఏసినావా, సూసినావా అని. ప్రతిసారీ అడుగు."

"అడగతానమ్మా."

"అట్లయితే ఉండనీ. సంతకం పెట్టి పంపిస్తా."

పెట్టేసింది.

హేమశ్రీకి ఫోన్ చేశాను. పదింటికే మార్చానక్కా, అన్నీ బాగుండాయి అంది.